చెప్పులు విడిచే పంచ

మా గుప్పెడు బియ్యం పనికొచ్చాయి గానీ మా తాటి కమ్మ పనికిరాలేదు. సూర్యాపేటలో మేం గడిపిన ఆ ఎండాకాలం గురించి ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే. వయసు మీదపడి చాలా సంగతులు మరిచిపోయాను. ఇది మాత్రం మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా నాకు లేదు.

మా క్రైస్తవుల ఇళ్ళలో ఆడవాళ్ళు ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తారు. అది దేవుని పాలు, అంటే దేవుని వంతు. ఆదివారం ఆ కుండ గుడికి పోతుంది. బియ్యానికి కరువైన కంట్రోలు రోజులు కాబట్టి మా ఇంట్లో అన్నం కంటే జొన్న గటకే ఎక్కువ. అందుకని మా కుండలో బియ్యంతో పాటు జొన్నలు కూడా పడేవి. మా అత్త ఒక్క పూట కూడా తప్పనిచ్చేది కాదు. ఆదివారం ఆ కుండను సంఘ పెద్ద భార్య చేతికి ఇచ్చేదాన్ని. ఆమె లోపలికి తొంగి చూసి, "ఓ, ఈ వారం గూడ జొన్నలేనా?" అనేది, వెనక వరసలో కూర్చున్నవాళ్ళకు కూడా వినబడేలా. అయినా తీసుకునేది. ఒక్క వారం కూడా వద్దనలేదు.

కమ్మ సంగతి వేరు. మా గుడి మట్టి గోడల గుడి. పైన తాటి కమ్మల కప్పు. ప్రతి ఎండాకాలం పాత కమ్మ దింపి కొత్తది కప్పాలి. దానికి ఎవరినీ కూలికి పిలిచేవారు కాదు. దూలానికీ దూలానికీ మధ్య ఉండే జాగాను అంకణం అంటారు. గుళ్ళో ఒక్కో అంకణం ఒక్కో ఇంటిది. ఆ ఇంటివాళ్ళే కమ్మ తెచ్చుకుంటారు, ఆ ఇంటివాళ్ళే కప్పుతారు. వానకు ఎవరి అంకణం కారిందో తల మీద చుక్క పడగానే తెలిసిపోతుంది, ఆ ఏడాదంతా ఆ ఇంటివాళ్ళు తల దించుకుని తిరుగుతారు.

దీనికి జతగా ఇంకో ఆచారం ఉండేది. ఎవరి ఇంట బిడ్డ పుడితే, పేరు పెట్టే ప్రార్థన వాళ్ళ అంకణం కిందే జరగాలి. పాస్టరు అయ్యగారు ప్రభువు బల్ల దగ్గర నుంచి దిగి వచ్చి, ఆ అంకణం కింద నిలబడి, బిడ్డను చేతుల్లోకి తీసుకుని, దేవునికి అప్పగించి, పేరు పలుకుతారు. అంకణం లేని ఇంటివాళ్ళకు బిడ్డను పట్టుకుని నిలబడే చోటే లేదు.

మాకు అంకణం లేదు. పేరు పెట్టాల్సిన బిడ్డ ఉంది.

మేం సూర్యాపేట వాళ్ళం కాదు. నా తల్లిగారిల్లు మిర్యాలగూడ. నన్ను కోదాడ అవతల, చిలుకూరు పక్కన ఒక ఊరికి ఇచ్చారు. గొడవల కాలంలో ఆ ఊళ్ళో మా కమ్మల గుడీ కాలిపోయింది, మా ఇల్లూ కాలిపోయింది. ఎవరు కాల్చారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పేవారు. మా ఆయనకు మిగిలింది బండి, ఎద్దుల జత. వాటితో, అత్తతో సూర్యాపేటకు వచ్చి, ఊరి చివర గుడిసె వేసుకున్నాం. మా ఆయన కోదాడ దాకా, ఒక్కోసారి మిర్యాలగూడ దాకా మిరపకాయల బస్తాలు, వడ్లు కిరాయికి తోలేవాడు. పోలీసు చర్య అయిపోయిన తరువాత వచ్చిన ఎండాకాలానికి నా ఒళ్ళో ఆడపిల్ల. మా అత్త పట్టుదల ఏమిటంటే, గుళ్ళో పేరు పెట్టే దాకా బిడ్డను ఏ పేరుతోనూ పిలవకూడదు. అందుకని దాన్ని "బుడ్డదీ" అనేవాళ్ళం. నీళ్ళకు పోతే బావి దగ్గర అడిగేవారు, "బిడ్డ పేరేంది?" అని. "ఇంకా పెట్టలే" అనేదాన్ని. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. ఆ చూపులు కూడా నేను లెక్కలో వేసుకున్నాను.

ఈస్టరుకు నెల ముందు, ఆరాధన అయ్యాక, సంఘ పెద్ద అంకణాల మాట ఎత్తాడు. ఆయన పెద్ద మీసాలవాడు, బట్టతల, గొంతు విప్పితే వీధి చివరికి వినబడేది. ఈసారి ఈస్టరుకు పెద్ద పాదిరిగారు వస్తున్నారనీ, ఆలోపే గుడి పచ్చగా నిగనిగలాడాలనీ చెప్పాడు. నేను బిడ్డను చంకనేసుకుని లేచి నిలబడ్డాను. మా ఆయన మగవాళ్ళ వైపు నుంచి కూర్చోమని చేత్తో సైగ చేస్తూనే ఉన్నాడు.

"పెద్దయ్యా, మాకు గూడ ఒక అంకణం ఇయ్యుండ్రి. కమ్మ మేమే తెచ్చుకుంటం" అన్నాను.

"నిన్న మొన్న వచ్చినోళ్ళు మీరు" అన్నాడు. "గుడి కట్టిన్నాడు గోడ మట్టి మోసినోళ్ళయి ఈ అంకణాలు. ఉత్తగ వస్తయా?"

"మా బిడ్డకు పేరు పెట్టాలె గద పెద్దయ్యా."

"మీ ఊర్ల పెట్టుకోండ్రి."

"మా ఊర్ల గుడి కాలిపోయింది."

ఆయన ఒక్క క్షణం ఆగాడు. అక్కడితో ఆగి ఉంటే నేను ఇప్పుడు ఇదంతా రాసేదాన్ని కాదు. కానీ పక్కనుంచి ఆయన భార్య అందుకుంది: "అంత ఆశ, కాయిషు ఉంటే బయట చెప్పులు ఇడిసే పంచ ఉన్నది గద! దానికి కప్పుకోండ్రి. ఆడనే పేరు పెట్టుకోండ్రి."

గుడంతా నవ్వింది. గుడి వాకిలి ముందు నాలుగు గుంజలు, పైన బద్దలు, అంతే ఆ పంచ. దాని కమ్మ ఎప్పుడో రాలిపోయింది. అది ఎవరిదీ కాదు. చెప్పులు ఎండలో పడి ఉండేవి.

"సరే. మాకు ఆ పంచనే రాసియ్యుండ్రి" అన్నాను.

"రాసిచ్చుడేంది, తీస్కో" అన్నాడు పెద్దాయన, నవ్వు ఆపుకుంటూ. అందరి ముందూ అన్నాడు. నాకు కావలసిందీ అదే.

ఇంటికి వచ్చాక మా ఆయన, "నలుగుర్ల నవ్వులపాలు జేస్తివి గదనే" అన్నాడు. ఆయనది మెత్తని స్వభావం. ఎద్దును కూడా గట్టిగా అదిలించడు. సాయంత్రం వాకిట్లో చాప వేసి ప్రార్థనకు కూర్చున్నప్పుడు మా అత్త చూపు నా మీదే ఉంది. ప్రభువు నేర్పిన ప్రార్థన మా ఇంట్లో అందరం కలిసి పైకి చెప్పేవాళ్ళం. మా పట్ల తప్పు చేసినవాళ్ళను క్షమించే మాట వచ్చేసరికి నేను నోరు మూసుకున్నాను. తరువాతి మాటకు మళ్ళీ కలిశాను. ఆమెన్ అయ్యాక అత్త అడిగింది.

"ఏంటే, ఆ మాట దగ్గర నీ నోరెందుకు మూతపడింది?"

"అబద్ధం చెప్పద్దు గదా అత్తా, దేవునితోని."

ఆమె పెదవులు బిగించింది. అది కోపమో నవ్వో నాకు అప్పుడు తెలియలేదు.

మా ఆయనకు మిర్యాలగూడ కిరాయి తగిలినప్పుడు బిడ్డనెత్తుకుని నేను కూడా బండెక్కాను. మూసీ అప్పటికే ఎండిపోయి ఇసుక మీద బండి చక్రాలు కూరుకుపోతున్నాయి. ఎద్దులు బరువు లాగలేక నురగలు కక్కాయి. మా నాయన పొలం గట్టున తాటిచెట్లు ఉండేవి. నేను వచ్చిన పని విని ఆయన ముందు పకపకా నవ్వాడు.

"చెప్పులకు గొడుగు పట్టనీకె ఇంత దూరం వచ్చినవా బిడ్డా?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నవ్వు ఆపి మనవరాలిని ఎత్తుకున్నాడు. మరునాడు తాళ్ళెక్కే గౌడును బతిమాలి కమ్మలు కొట్టించాడు. బండి నిండా, గంప బోర్లించినట్టు ఎత్తుగా వేశాడు. వచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పాడు.

"పచ్చివి పైకెక్కియ్యకు. పరిచి, మీద రాళ్ళు పెట్టి, అదిమి ఎండనియ్యి. ఎవడు తొందర పెట్టినా ఇనకు."

"నవ్వుతరు నాయనా."

"నవ్వనీ. ఒకరి మాట ఇనకుండ ఉండుడు నీకు కొత్తనా?"

పచ్చి కమ్మ కప్పకూడదని తెలియనివాళ్ళు మా సంఘంలో ఒక్కరూ లేరు. పచ్చిది కప్పితే అక్కడే ఎండి, ముడుచుకుని, సందులు ఇస్తుంది. చిన్నపిల్లనడిగినా చెప్తుంది. కానీ పెద్ద పాదిరిగారు వస్తున్నారు. ఎండిన కమ్మ బూడిదరంగులో ఉంటుంది, పచ్చిది కళకళలాడుతుంది. అందరికంటే ముందు పెద్దాయన తన అంకణానికి పచ్చికమ్మ ఎక్కించాడు. బల్లకు నేరుగా పైన ఉండేది ఆయన అంకణమే. అది చూసి పక్కవాళ్ళు, వాళ్ళను చూసి వాళ్ళ పక్కవాళ్ళు. తమది ఎక్కడ వెలవెలపోతుందో అన్న భయంతో అందరూ పచ్చివే ఎక్కించారు. ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాటికి గుడి కప్పు తోటలాగా ఉంది. మా కమ్మ మాత్రం మా గుడిసె వెనక రాళ్ళ కింద పడి ఉంది. పంచ బోసిగానే ఉంది.

పెద్దాయన రెండుసార్లు మనిషిని పంపాడు, పంచ కప్పమని. "కమ్మ ఇంకా ఎండలే" అని చెప్పి పంపించాను.

ఈస్టరు నాడు పెద్ద పాదిరిగారు తోలు బూట్లతో వచ్చారు. పంచలో బూట్లు విడిచి లోపలికి వెళ్ళారు. ఆ రోజు రెండిళ్ళ బిడ్డలకు, ఎవరి అంకణం కింద వాళ్ళకు, పేర్లు పెట్టారు. నేను బిడ్డకు కొత్త గౌను తొడిగి సిద్ధంగా ఉన్నాను. ఎప్పుడూ నెలకొకసారి వచ్చే మా అయ్యగారు చిన్నవాడు, మంచివాడు. నా వైపు చూసి, "ఈ బిడ్డకు?" అని అడిగారు.

పెద్దాయన ఎంతో దయగా చెప్పాడు, "కప్పు లేని అంకణం అంకణమే కాదు అయ్యగారూ. ఎండల పసిపిల్లను నిలవెడ్తమా? కప్పినంక చూద్దాం." అయ్యగారు తలూపారు. ఎండల్లో ఊళ్ళు తిరగలేననీ, మళ్ళీ వానలు మొదలయ్యాకే వస్తాననీ చెప్పారు. అంటే ఎండాకాలమంతా నా బిడ్డ పేరు లేకుండానే ఉండాలి. గౌను విప్పి మళ్ళీ పెట్టెలో పెట్టి, మూత దఢాలున వేశాను.

ఆ రోజు నాకు దక్కిన ఒకే ఒక్క ఊరట బూట్లు. ఆరాధన అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పెద్ద పాదిరిగారు ఒక బూటులో కాలు పెట్టి, "అమ్మో!" అని ఒంటికాలి మీద ఎగిరారు. తోలు పెనంలాగా కాలింది. పెద్దాయన భార్య పరుగున పోయి కుండ తెచ్చి బూట్ల మీద నీళ్ళు గుమ్మరించింది. నీళ్ళు బూట్ల లోపలికి కూడా పోయాయి. ఆయన తపక్ తపక్ మని చప్పుడు చేసుకుంటూ బండెక్కారు. అప్పుడు ఆమె నా వైపు తిరిగి, "నీ అంకణం సల్లగున్నదమ్మా! పాదిరిగారి కాళ్ళు కాల్చిన పుణ్యం గూడ నీకే" అంది.

ఆ మాటకు నేను ఆనాడు జవాబు చెప్పలేదు. దాచిపెట్టుకున్నాను.

తరువాత ఎండలు ముదిరాయి. పొద్దున్నే అంబలి తాగి, గుడిసె నీడ ఎటు జరిగితే అటు చాప జరుపుకునేవాళ్ళం. బిడ్డకు ఒళ్ళంతా చెమటకాయలు. అత్త తాటి ముంజల నీళ్ళు తీసి దాని వీపుకు రాసేది. మామిడికాయ తొక్కు పెట్టింది, కోదాడ పద్ధతిలో, ఆవపిండి ఎక్కువ వేసి. చుట్టుపక్కలవాళ్ళు రుచి చూసి ముక్కులు పట్టుకున్నారు, మళ్ళీ అడిగి పెట్టించుకుపోయారు. ప్రతి సాయంత్రం ప్రార్థన. ఆ మాట దగ్గర నా మౌనం. అత్త అడగడం మానేసింది. కానీ ఆ చోటు వచ్చేసరికి ఆమె గొంతు కొంచెం పెద్దదయ్యేది, నా వంతు కూడా తనే చెబుతున్నట్టు.

కమ్మ ఎండింది. రాళ్ళు తీసి చూస్తే పలకలాగా చదునుగా, గట్టిగా ఉంది. అప్పుడు ఇంట్లో చిక్కు వచ్చిపడింది. మా గుడిసె కప్పు కూడా పాతబడింది. పడుకుంటే ఆకాశం కనబడేది. ఉన్నది ఒక్క బండి కమ్మ. మా ఆయన తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"పంచకు పలుచగ ఒక్క వరస ఏసి, మిగిలింది ఇంటికి ఏస్తే సరిపోతది. చెప్పులే గద, తడిస్తే తడుస్తయి."

"ఆ చెప్పుల నడుమ్మనే నీ బిడ్డ నిలబడాలె" అన్నాను.

"బిడ్డ ఇంట్ల గూడ పండుకోవాలె గదనే!"

ఆయన అన్నది న్యాయమే. అంతలో అత్త లేచి వచ్చింది. వంగి ఒక కమ్మ ఎత్తి, గోటితో మీటి చూసింది.

"మొత్తం పంచకే ఎయ్యి" అంది కొడుకుతో. "ఇల్లు కారితే గిన్నెలు పెట్టుకుంటాం. అక్కడ కారితే మొహం ఎక్కడ పెట్టుకుంటాం?"

అప్పుడు అర్థమైంది నాకు, నా నోరు మూతపడినప్పుడల్లా ఆమె పెదవులు ఎందుకు బిగుసుకునేవో. చెప్పులు విడిచే పంచ మాట ఆమె కూడా మరిచిపోలేదు. ఆమె ఆ మాట క్షమించినట్టు పైకి చెప్పేది, అంతే తేడా.

మా ఆయన పైకెక్కాడు. నేను కమ్మలు విరగకుండా నీళ్ళతో తడిపి ఒక్కొక్కటి అందించాను. అత్త కింద కూర్చుని ఈత నార తాళ్ళు పేనింది. బిడ్డ గుంజకు కట్టిన చీర ఉయ్యాలలో పడుకుంది. ఒక వరస వేశాం, దాని మీద ఇంకో వరస, దాని మీద ఇంకోటి. చూరు మనిషి ఎత్తుకు దిగింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. పెద్దాయన భార్య నీళ్ళ బిందెతో వచ్చి నిలబడింది.

"ఓ మిర్యాలగూడ పిల్లా! చెప్పులకు మేడ కడుతున్నరా?"

"అవునక్కా. నీ చెప్పులు గూడ తీస్కరా, మంచి జాగ చూసి పెడత."

"మంచాలు గూడ ఎయ్యుండ్రి వాటికి!"

"ఏస్తం. పెద్ద పాదిరిగారి బూట్లకు పరుపు గూడ పరుస్తం" అన్నాను.

ఆమె బిందె సర్దుకుని వెళ్ళిపోయింది. దాచుకున్న జవాబుల్లో అది ఒకటి. ఇంకా పెద్దది మిగిలే ఉంది, కానీ అది నా చేతుల్లో లేదు.

రోహిణి కార్తె వచ్చేసరికి గుడి కప్పు కాల్చిన అప్పడంలా ముడుచుకుంది. ఆరాధనలో కూర్చుంటే అందరి మీదా ఎండ చుక్కలు పడేవి. చుక్కలు చీరల మీద, తలల మీద, తెరిచిన బైబిళ్ళ మీద. పెద్దాయన బట్టతల మీద రూపాయంత వెలుగు ఒకటి పడి, ఆయన వాక్యం చదువుతున్నంతసేపూ నెమ్మదిగా ఒక చెవి మీద నుంచి ఇంకో చెవి మీదికి జరిగేది. నేను వాక్యం వినడం మానేసి దాన్నే చూసేదాన్ని. కప్పు గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరైనా అంటే, ముందు తమ అంకణం వైపు చూడాల్సి వస్తుంది మరి.

మృగశిర వచ్చింది, మబ్బులు వచ్చాయి, అయ్యగారు వచ్చారు. ఆ ఆదివారం ఉదయం నుంచే ఉక్క. గాలి స్తంభించిపోయింది. గౌను మళ్ళీ పెట్టెలో నుంచి తీశాను. బిడ్డ ఈలోపు లావెక్కింది, గుండీలు పట్టలేదు. వెనక వదులుగా వదిలేసి కండువా చుట్టాను.

పెద్దాయన అయ్యగారితో చెప్పడం నా చెవిన పడింది. "ఆరాధన అయినంక, అందరు పోయేటప్పుడు, పంచల నిలబడి ఆ బిడ్డకు రెండు ముక్కలు ప్రార్థన చేస్తే అయిపోతది అయ్యగారూ." అందరూ చెప్పులు వెతుక్కుంటూ ఉంటే, వాళ్ళ కాళ్ళ మధ్య నా బిడ్డకు పేరు. సరే అనుకున్నాను. పేరు పేరే.

అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టిన కాసేపటికి లోపల చీకటి పడింది. గాలి ఒక్క విసురు విసిరింది. తరువాత, చెప్పా పెట్టకుండా, వాన.

మొదటి చుక్క ఎవరి మీద పడిందో నాకు తెలుసు. బల్ల మీది తెల్లగుడ్డ మీద పడింది, పెద్దాయన అంకణం నుంచి. రెండోది ఆయన బట్టతల మీద పడింది. ఆయన తుడుచుకుని, ఏమీ జరగనట్టు ముందుకే చూశాడు. ఆ తరువాతివాటికి లెక్క లేదు. ఎక్కడికక్కడ ధారలు మొదలయ్యాయి. జనం ఒక అంకణం కింద నుంచి ఇంకో అంకణం కిందికి జరిగారు, అక్కడా కారింది, మళ్ళీ జరిగారు. చాపలు తడిసి మెత్తబడ్డాయి. ఎవరో పెద్ద బైబిలును కొంగులో చుట్టారు. ఏడాది పాటు తల దించుకోవాల్సింది ఏ ఇంటివాళ్ళో తేల్చుకోవడానికి ఎవరి ముఖం ఎవరూ చూడలేదు, అందరి తలా తడిసే ఉంది. చివరికి అయ్యగారే బైబిలును ఛాతీకి హత్తుకుని, "బయటికి, బయటికి! పంచలోకి!" అని అరిచారు.

మా పంచలో ఒక్క చుక్క లేదు. చూరు చుట్టూ నీళ్ళు తెర కట్టినట్టు దిగుతున్నాయి, లోపల మాత్రం నేల దుమ్ము కూడా తడవలేదు. నేను, అత్త, మా ఆయన వాకిలికి దగ్గరగా కూర్చునేవాళ్ళం కాబట్టి ముందుగానే అక్కడికి చేరాం. సంఘమంతా మా మీదికి వచ్చిపడింది. జాగా చాలలేదు, కింద నిండా చెప్పులు.

అప్పుడు పెద్దాయన భార్య వంగింది. రెండు చేతులతో చెప్పులు ఎత్తి వాకిలి గుండా గుళ్ళోకి విసరడం మొదలుపెట్టింది. తనవీ, నావీ, అందరివీ. "జర జరగుండ్రి! బిడ్డ తల్లికి తోవ ఇయ్యుండ్రి! పసిది నలుగుతది!" అని అరుస్తూ, నా కాళ్ళ చుట్టూ చోటు చేసింది. చెప్పులన్నీ గుళ్ళో వానలో, మనుషులం అందరం చెప్పుల చోట్లో.

అయ్యగారు నీళ్ళు కారుతున్న ముఖంతో పైకి చూశారు. కమ్మ వరసల మీద చెయ్యి ఆనించారు. "ఈ అంకణం ఎవరిది?" అని అడిగారు.

ఎవరూ పలకలేదు. నేను కూడా పలకలేదు. ఆ జవాబు నా నోటితో చెప్పేది కాదు. నేను పెద్దాయన వంకే చూస్తూ నిలబడ్డాను. ఆయన మీసాల కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఒకసారి నా వైపు, ఒకసారి బిడ్డ వైపు చూశాడు.

"వీళ్ళది అయ్యగారూ" అన్నాడు. "ఈ అంకణం వీళ్ళది."

వీధి చివరికి వినబడే ఆయన గొంతు ఆ రోజు వాన చప్పుడులో పక్కవాళ్ళకు కూడా సరిగా వినబడలేదు. "ఏంది పెద్దయ్యా?" అన్నాను. నిజంగా వినబడలేదా అంటే, వినబడింది. ఆయన మళ్ళీ చెప్పాడు, ఈసారి గట్టిగా.

అయ్యగారు బిడ్డను అందుకున్నారు. ప్రార్థన చేశారు. పేరు పలికారు. వానకు వెనకవాళ్ళకు వినబడలేదు. "ఏం పేరు? ఏం పేరు?" అని అడిగారు. ముందువాళ్ళు వెనకవాళ్ళకు చెప్పారు. వాళ్ళకూ అందకపోయేసరికి అందరూ కలిసి కేకేశారు. మూడు నాలుగు సార్లు, గుడి వాకిలి దద్దరిల్లేలా, నా బిడ్డ పేరు. ఆ సంఘంలో ఏ బిడ్డ పేరూ అంతమంది నోట, అంత గట్టిగా పలికింది లేదు. ఈస్టరు నాడు పేర్లు పెట్టించుకున్న ఆ ఇద్దరిదీ కూడా. బిడ్డ ఏడవలేదు. చెయ్యి చాపి చూరు నీళ్ళు పట్టుకోబోయింది.

ఇంటికి పోయేసరికి మా గుడిసె సగం చెరువైంది. పొయ్యిలో నీళ్ళు. జొన్నల కుండ తడిసింది. అత్త ఇంట్లో ఉన్న గిన్నెలు, చెంబులు, ఆఖరికి గుప్పెడు బియ్యం కుండ మూత కూడా చుక్కల కింద పెట్టింది. టక్ టక్ మని చప్పుడు. సాయంత్రం పొడిగా ఉన్న ఒక మూలలో ముగ్గురం దగ్గరగా కూర్చుని ప్రార్థన చేశాం. ఆ మాట వచ్చింది. అత్త గొంతు తగ్గించి నా నోటి వంక చూసింది. నేను చెప్పాను. గిన్నెల చప్పుడు మించి వినబడేలా చెప్పాను. ఆ రోజు ఆ మాట నాకు చాలా తేలికగా వచ్చింది. ఆమెన్ అయ్యాక అత్త బిడ్డను ఒళ్ళోకి తీసుకుని మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. మా ఆయన చెంబులో నిండిన నీళ్ళు బయట పారబోస్తూ, "ఇగనన్న ఇల్లు కప్పుకుందమా?" అన్నాడు.

కప్పుకున్నాం. ఆ వారంలోనే పెద్దాయన తన బావమరిది చేత ఒక బండి ఎండు కమ్మ మా ఇంటికి తోలించాడు. ఎందుకని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. పదిమంది ముందు అన్న మాటకు పదిమంది ముందే జవాబు రావాలి, చీకట్లో బండి తోలిస్తే సరిపోదని మాత్రం మా ఆయనతో అన్నాను. కమ్మ మటుకు వాపసు పంపలేదు.

మరుసటి ఎండాకాలం అంకణాల మాట వచ్చినప్పుడు పెద్దాయన లేచాడు. బల్ల నుంచి రెండో అంకణం ఖాళీ అయిందనీ, ఆ ఇంటివాళ్ళు ఊరు విడిచి పోయారనీ, అది మాకు ఇస్తున్నామనీ అందరి ముందూ చెప్పాడు. ఆయన భార్య నన్ను చూసి నవ్వుతూ తలూపింది. మా ఆయన సంతోషంగా లేవబోయాడు. నేను ముందే లేచాను.

"వద్దు పెద్దయ్యా. మాది మాకు ఉన్నది" అన్నాను. "చెప్పుల పంచ."

ఆ తరువాత నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇద్దరికీ అక్కడే పేర్లు పెట్టించాను. ఇంకొన్నాళ్ళకు పెద్దాయన కోడలు తన తొలి చూలు బిడ్డను తెచ్చుకుని మా ఇంటికి వచ్చింది. వాళ్ళ అంకణం బల్లకు నేరుగా పైనే ఉన్నా, బిడ్డకు మా పంచలో పేరు పెట్టించుకుంటామని అడిగింది. వెనక ఆమె అత్త, అదే పెద్దాయన భార్య, నిలబడి ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"పెట్టించుకోండ్రి, దానికేం" అన్నాను. "చెప్పులు మాత్రం జర పక్కకు ఇడువుండ్రి."